ఒక్కర్తీ ఆడిన థింసా

ఆ రోజు వేదిక మీద ఉన్నవి, ఉన్నవారు: అట్టలతో చేసి ఆకుపచ్చ రంగేసిన కొండ ఒకటి. వెదురు తోరణం. పొగ వదిలే యంత్రం, అది పని చెయ్యలేదు. ముఖ్య అతిథికి సోఫా, ఆయన వెంట వచ్చినవారికి ప్లాస్టిక్ కుర్చీలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు. డప్పు, తుడుం, కిరిడి, మోరి వాయించేవాళ్ళు. పోటీలో చివరిదాకా నిలిచిన ఏడుగురు ఆడవాళ్ళు. వేదిక కింద, సరుగుడు కర్రల మధ్య, టార్చిలైటు పట్టుకుని నేను.

నేను కింద ఎందుకున్నానంటే, ఆ వేదిక భద్రంగా ఉందని సంతకం పెట్టింది నేనే. ఏజెన్సీలో ఏ ఉత్సవం జరిగినా ఎవరో ఒక ఇంజినీరు ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. అనుభవం ఉన్నవాళ్ళు సంతకం పెట్టి ముందు వరసలో కూర్చుంటారు. నాకింకా అంత అనుభవం లేదు.

అరకులోయలో గిరిజన సంక్షేమానికి సంబంధించిన ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద సైటు ఇంజినీరుగా కొన్నేళ్ళు పని చేశాను. ఇప్పుడు అక్కడ చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఫోన్ చేసి అడుగుతుంటారు, ఏ బూట్లు కొనుక్కోవాలి, ఏ సిమ్ పని చేస్తుంది, చలికి ఎన్ని దుప్పట్లు కావాలి అని. వాటికి ఫోన్లోనే జవాబు చెప్పగలను. ఫోన్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాది పార్వతీపురం దగ్గర పల్లపు ఊరు. కొండలు చిన్నప్పటి నుంచీ కళ్ళెదుటే ఉన్నా, దూరం నుంచి చూసినవాణ్ణే. నన్ను కొండెక్కించింది మా డిప్యూటీ ఇంజినీరు, డీఈగారు. శ్రీకాకుళం వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. జేబులో బీపీ మాత్రలు, నోటి నిండా వెటకారం. చేరిన రోజునే నాతో అన్నారు: "సూడు బాబూ, ఇక్కడ సిమెంటు గట్టిపడ్డానికి ఇరవై ఎనిమిది రోజులు. ఫైలు మెత్తబడ్డానికి లెక్క నేదు. అది ఏ పుస్తకంలోనూ రాయనేదు."

ఆమెను మొదట చూసింది వారంవారం అర్జీలు తీసుకునే రోజున. మా వాళ్ళు ఆమెకు పెట్టిన పేరు గెడ్డమ్మ. ఆమె ఊరు కొండ మీద, నలభై గడపలు ఉంటాయేమో. కింద సంత జరిగే ఊరి దాకా తారు రోడ్డు ఉంది. అక్కణ్ణుంచి ఒక మట్టి బాట గెడ్డ దాకా, అంటే కొండవాగు దాకా, వస్తుంది. గెడ్డ అవతల మూడు కిలోమీటర్లు అడవిలోంచి ఎక్కుడు, కాలిబాట. ఆమె చెప్పులు సంచిలో పెట్టుకుని కొండ దిగి, గెడ్డ దాటి, సంతలో జీపెక్కి వచ్చి, మా ఆఫీసు మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కుని చెప్పులు తొడుక్కునేది. ఆమె అడిగేవి రెండే: గెడ్డ మీద వంతెన, కొండ మీదికి రోడ్డు.

"వచ్చీసింది గెడ్డమ్మ," అన్నారు ఒకరోజు డీఈగారు, ఆమెకు వినబడేటట్టే.

"గెడ్డకి అమ్మనైతే దాన్ని రెండేసి కూకోబెట్టీదాన్ని కదా సారూ," అంది ఆమె. "మీకాడికి ఎందుకొత్తాను?"

ఆఫీసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. అర్జీ బల్ల మీద పెట్టి, దాని మీద గాజు పేపర్‌వెయిట్ తనే పెట్టి వెళ్ళిపోయింది.

ఆ ఏడు ఇటుకల పండగ వచ్చింది. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకు అడవిలోకి వెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు. ఇవ్వకుండా దాటడం మర్యాద కాదు. మా జీపు సంత ఊరి దగ్గర ఆగింది. దుంగ మీద కూర్చుని ఉన్నది ఆమె. వెనక ఆమె ఊరి ఆడవాళ్ళు.

డీఈగారు జేబులో చెయ్యి పెట్టారు. "ఎంతమ్మా ఈయేడు రేటు?"

"డబ్బులొద్దు సారూ. దిగండి."

"దిగి?"

"నడవండి. గెడ్డ దాకా. అదే మా మామూలు."

"ఓలమ్మా, ఎండ సూసినావా? నాకు బీపీ."

"దారిలో నీడుంది సారూ. పడిపోతే డోలీ కట్టి మేవే మోసుకొత్తాం. మాకు అలవాటే."

పండగ మామూలు కాబట్టి కాదనడానికి లేదు. ఆయన తోలు చెప్పులతో మట్టి బాట పట్టి నడిచారు. వెనక ఆడవాళ్ళు పాడుకుంటూ వచ్చారు. ఆయన గెడ్డ దాటి, అవతలి ఒడ్డున ఒక చదును రాయి మీద కూలబడ్డారు. నీళ్ళు అప్పుడు చీలమండ దాకా కూడా లేవు. మర్నాడే నన్ను అక్కడ ఎత్తుపల్లాల లెవెల్స్ తియ్యడానికి పంపారు.

అలా ఆ గెడ్డ దగ్గర నేను యంత్రం బిగించుకుని, ఆమె అవతలి ఒడ్డున కొలబద్ద నిలబెట్టి, కొన్ని పగళ్ళు పని చేశాం. భోజనం దగ్గర మాట్లాడుకున్నాం. అక్కా అని పిలవడం అప్పుడే అలవాటైంది. ఆమె నన్ను ఇంజినీరు బాబు అనేది, నా వయసుకు అది ఎక్కువని నవ్వుతూనే.

ఆమె ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదువుతుండగా తండ్రి జ్వరంతో పోయాడు. చదువు ఆపి కాఫీ తోటల్లో పళ్ళు కోసింది. విశాఖపట్నంలో ఇటుకలు మోసింది. అక్కడ మేస్త్రీ కూలి ఎగ్గొడితే తిరిగి కొండెక్కి వచ్చేసింది. బడిలో తన పక్కన పడుకునే నేస్తాన్ని తన అన్నకే ఇచ్చి పెళ్ళి చేయించింది. వదినా మరదళ్ళు ఇద్దరూ థింసాలో ఎప్పుడూ పక్కపక్కనే. వదిన ఎడమ పక్క, ఈమె కుడి పక్క.

థింసా చూడనివాళ్ళకు ఒక మాట. ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుంటారు. కొసన ఒకామె నెమలీకల కట్ట ఊపుతూ నడిపిస్తుంది. వరస మొత్తం పాములా మెలికలు తిరుగుతుంది. అడుగు తప్పినా పక్కవాళ్ళ చేతులు మోసుకుపోతాయి. పడటమంటూ ఉండదు.

వదినకు నొప్పులు వచ్చింది, నేను చేరకముందు ఒక ఏడు వానల్లో. దుప్పటిని కర్రకు కట్టి డోలీలో దింపారు. గెడ్డ పొంగి ఉంది. ఒడ్డున, ఆ చదును రాయి మీదే, డోలీ దించి కూర్చున్నారు. అవతల అంబులెన్స్ లైట్లు కనబడుతూనే ఉన్నాయి.

"తెల్లారీసరికి గెడ్డ తగ్గిపోనాది బాబూ," అంది ఆమె, కంచంలో చెయ్యి కడుక్కుంటూ. "మోకాల్లోతే. నడిసి దాటీసాం. ఇద్దర్నీ మోసుకుని."

అంటే వదిననూ, పుట్టీ పుట్టని బిడ్డనూ. ఆ కొండ మీద, దారిలో మనిషి పోయిందని చెప్పరు. డోలీ ఆగిపోయిందంటారు.

ఆ తర్వాతే ఆమె ఊరూరా తిరగడం మొదలుపెట్టింది. నెలలు నిండుతున్నవాళ్ళను వానలకు ముందే దింపి ఆస్పత్రి దగ్గర ఉంచేది. కోడల్ని పంపనని మొరాయించే ముసలి అత్తల్ని తిట్టేది. ఆస్పత్రిలో విసుక్కునే నర్సమ్మతో పోట్లాడింది, చివరకు ఆ నర్సమ్మనే తన వైపు తిప్పుకుంది. చుట్టుపక్కల కొండల మీది ఆడవాళ్ళు ఏ అర్జీ రాయాలన్నా ఆమె దగ్గరికే వచ్చేవారు.

వంతెనా రోడ్డూ కలిపి మా ప్రతిపాదన వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చిక్కు ఇది: గెడ్డ మీద వంతెనకు అడవి అడ్డం లేదు, నిధులుంటే ఏడాదిలో కట్టొచ్చు. కొండ మీదికి రోడ్డు వెయ్యాలంటే చెట్లు కొట్టాలి, దానికి అనుమతులు కావాలి, అవి ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. పైగా ఊరు చిన్నది. పెద్ద ఊళ్ళే వరసలో ఉన్నాయి.

చలికాలం ఉత్సవాల్లో గిరిజన మహిళలకు అందాల పోటీ పెడుతున్నామని నిర్వాహకులు ప్రకటించారు. ఆమె పేరు ఇచ్చింది నర్సమ్మ. ఆ మాట తెలియగానే అక్క నేరుగా మా ఆఫీసుకు వచ్చింది.

"బాబూ, అక్కడ మైకు సేతికిత్తారంట. నిజమేనా?"

"ఇస్తారక్కా. ఒక్క నిమిషం."

"మంత్రులూ అయ్యీ ఉంటారా ఎదురుగా?"

"పెద్దవాళ్ళు వస్తారు."

డీఈగారు కళ్ళజోడు తీశారు. "ఏటే గుంటా, కిరీటం పెట్టుకుని గెడ్డ దాటుతావేటి?"

"కిరీటం మీకిచ్చేత్తాను సారూ. మైకు నాకు సాలు."

ఆయన ఈసారి వెటకారం ఆడలేదు. "అయితే ఇను. రెండడిగినావనుకో, రెండూ పోతాయి. ఒకటే అడుగు."

"ఏది సారూ?"

ఆయన నా వైపు చూశారు. నేను నాకు తెలిసింది చెప్పాను: వంతెనైతే ఏడాది, రోడ్డైతే చెప్పలేను. వంతెన వస్తే అంబులెన్స్ గెడ్డ దాటి కొండ అడుగుకు వస్తుంది. కొండ మాత్రం డోలీలోనే దిగాలి. రోడ్డు వస్తే వంతెన ఎలాగూ వస్తుంది, కానీ ఎప్పటికో. ఆమె అంతా విని లేచింది. మెట్ల దగ్గర చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది.

పోటీ రోజు ఆమె ఊరివాళ్ళు నాలుగు జీపుల్లో దిగారు. నిర్వాహకులు పట్నం నుంచి ఆదివాసీ దుస్తులని చెప్పి మెరిసే చీరలూ ప్లాస్టిక్ పూసలూ తెచ్చారు. ఆమె చీర ఒప్పుకుంది, పూసలు ఒప్పుకోలేదు. వదిన వదిలిపోయిన పూసల దండలే వేసుకుంది. అసలు గొడవ మూడో రౌండు దగ్గర వచ్చింది. ఎవరికి వచ్చిన కళ వాళ్ళు ఒక్కొక్కరుగా చూపించాలి. ఆమె కాగితంలో ఆ గడి దగ్గర నర్సమ్మ థింసా అని రాసేసింది.

"ఒక్కర్తిని ఆడితే అది థింసా ఎలాగవుద్దమ్మా? గెంతులవుద్ది," అంది ఆమె, యాంకరమ్మాయితో.

"మేడమ్, ఇది సోలో రౌండ్. గ్రూప్ అలౌడ్ కాదు. రెండే రెండు నిమిషాలు, జస్ట్ ఏదో ఒకటి చేసెయ్యండి, ప్లీజ్."

"ఏదో ఒకటి సేసీడానికి కొండ దిగి రావాలా?"

"మరి తప్పుకుంటారా?"

తప్పుకుంటే మైకు లేదు. ఆమె తోరణం కింద నిలబడి, వాద్యగాళ్ళ వైపు తిరిగి తలూపింది.

నేను అప్పుడే కింద నుంచి బయటికి వచ్చాను, అందుకే చూడగలిగాను. డప్పు మొదలైంది. ఆమె ఎడమ చెయ్యి పక్కకు చాచి, ఎవరి నడుమో చుట్టినట్టు వంచి, అలాగే ఉంచింది. కుడి చెయ్యి ఊరికే వేలాడుతోంది. అడుగు ముందుకు, అడుగు పక్కకు. వంగినప్పుడు ఎడమ వైపుకు బరువు వేసి వంగింది, అక్కడ ఆపే మనిషి ఉన్నట్టు. లేదు కాబట్టి ప్రతిసారీ తూలింది. తూలి, నిలదొక్కుకుని, మళ్ళీ అటే వంగింది. ముందు వరసల్లో కొందరు నవ్వారు. ఆమెకు ఆట రాదనుకున్నారు.

వెనక వరసల్లోంచి ఒక ముసలామె లేచింది. "ఓలే, అది ఒక్కర్తీ ఆడతందే! వదిన సెయ్యే, ఒగ్గీకుండా పట్టుకునుందే!" అని అరిచింది. ఆ మాటతో ఊరి ఆడవాళ్ళంతా కుర్చీలు తోసుకుని వేదిక వైపు వచ్చారు.

మెట్ల దగ్గర నేనున్నాను. ఆ వేదిక ఇరవై మందికని నేనే రాశాను. వాద్యగాళ్ళతో, సోఫా మనుషులతో అప్పటికే అది నిండిపోయింది. కింద రెండు పలకలు వంగడం నేను టార్చి వేసి చూసి వచ్చాను. వచ్చేవాళ్ళు ముప్పై మందికి తక్కువ ఉండరు.

"ఎక్కకండమ్మా. విరిగిపోద్ది," అన్నాను, చేతులు రెండూ అడ్డం పెట్టి.

"ఒగ్గు బాబూ. అది పడిపోతాది."

"మీరెక్కితే అందరూ పడిపోతారు."

ముసలామె నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు. వెనక్కి తిరిగి, వేదిక ముందు నేల మీదే నిలబడి పక్కామె నడుం చుట్టింది. వరస కట్టేశారు. ఎడమ కొసన ఒక మనిషి పట్టే చోటు వదిలారు. ఆమె పైనుంచి అది చూసింది. ఆడుతూనే మెట్లు దిగింది, నా పక్కనుంచే, నన్ను చూడకుండా. వెళ్ళి ఆ కొసన చేరింది. ఎడమ చెయ్యి ఇంకా అలాగే వంచి ఉంది, ఎవరూ లేని వైపు. దుమ్ము లేచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నా లెక్కలో తప్పు లేదు. ఈరోజు మళ్ళీ ఆ మెట్ల దగ్గర నిలబెట్టినా అదే మాట చెబుతాను. కానీ ఆట మధ్యలో వేదిక దిగినందుకు ఆమెకు ఆ రౌండులో మార్కులు వెయ్యలేదు. కిరీటం ఇంకొకరికి వెళ్ళింది. ఆమెకు మూడో స్థానం, చిన్న కిరీటం, భుజానికి అడ్డంగా పట్టీ. ముఖ్య అతిథికి మాత్రం ఆట బాగా నచ్చింది. ఆయనే మైకు ఆమె చేతికిచ్చారు.

"చెప్పమ్మా, ఏం కావాలి? మొహమాటపడకు. ఒక్కటి కోరుకో."

ఆమె మైకు పట్టుకుని కింద ఉన్న ఊరివాళ్ళ వైపు చూసింది. ఆ కాసేపట్లో ముందు వరసలోంచి లేచొచ్చి డీఈగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మా గెడ్డ మీద వంతెన కావాల సారూ," అంది. "మా వదిన డోలీ అక్కడే ఆగిపోనాది."

"ఇచ్చేశాం!" అన్నారు ఆయన. చప్పట్లు. సాయంత్రానికే ఆ వీడియో ఫోన్లన్నింట్లో తిరిగింది.

ఆయన మాట నిలబెట్టుకున్నారు, అది చెప్పాలి. నిధులు వచ్చాయి. ఎండాకాలంలో పునాదులు తవ్వాం, వానలకు ముందే స్లాబు పోశాం. ఏజెన్సీలో అంత వేగంగా ఏ పనీ జరగడం నేను చూడలేదు. స్లాబు తడుపుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, రోడ్డు ఎందుకు అడగలేదని ఆమెను అడిగాను.

"రోడ్డెప్పుడొత్తాదో నువ్వే సెప్పలేకపోనావు కదా బాబూ," అంది. బిందెతో నీళ్ళు పోస్తూనే ఉంది. "కళ్ళు మూసుకుంటే నాకు ఈ గెడ్డే కనబడతాది. రోడ్డు కనబడదు. ఎప్పుడూ సూడందాన్ని ఎలాగ అడుగుతాను?"

వంతెన దగ్గర ఆమె ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, కిరీటంతో, నమస్కారం పెడుతూ. తర్వాత ఆమె విశాఖపట్నంలో ఇంకో పోటీకి వెళ్ళింది, హైదరాబాదులో ఇంకోదానికి. ఒకచోట నెగ్గింది కూడా. అందం గురించి ఆమెకు ఏ భ్రమా లేదు. ఊళ్ళో కుర్రాళ్ళు "రాణిగారొత్తన్నారు, తప్పుకోండి" అంటే "రాణి కట్టెలు మోసుకొత్తంది, బరువు పట్టండి" అనేది. మైకు ఇచ్చిన ప్రతిచోటా రోడ్డు అడిగింది. ప్రతిచోటా ఒకే జవాబు: మీ ఊరికి వంతెన ఇచ్చాం కదమ్మా. మా ఆఫీసులోనూ అంతే. వంతెన వచ్చిన ఊరు కాబట్టి రోడ్ల వరసలో ఇంకా కిందికి జరిగింది. ఏమీ రాని ఊళ్ళు ముందు. అదీ న్యాయమే, అదే బాధ.

డీఈగారు రిటైరయ్యారు. వీడ్కోలు సభకు ఆమె వచ్చింది. శాలువా కప్పించుకుంటూ ఆయన, "ఈ గెడ్డమ్మకి రోడ్డు బాకీ పడిపోనానురా," అన్నారు నాతో. అందరూ జోకనుకున్నారు.

నా కాంట్రాక్టు ముగిసిన నెలలో, వెళ్ళేముందు ఒకసారి వంతెన చూసిరావాలనిపించింది. వాన పడుతోంది. వంతెన దాటి కొండ వైపు ఒడ్డున అంబులెన్స్ ఆగి ఉంది, ఇంజను ఆపలేదు. కట్టిన చోట ఫ్లెక్సీ లేదు, తాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి. కాసేపటికి కాలిబాట మీదుగా డోలీ దిగింది. వాన పడకుండా దాని మీద కప్పి ఉన్నది ఆ ఫ్లెక్సీయే. కిరీటం పెట్టుకున్న ఆమె ముఖం తలకిందులుగా, నీళ్ళు కారుతూ. పక్కన అసలు ఆమె, ఉత్తి కాళ్ళతో, ఎడమ చేత్తో డోలీ అంచు పట్టుకుని నడుస్తోంది. లోపల ఉన్నది నెలలు నిండిన పద్దెనిమిదేళ్ళ గుంట, మూలుగుతోంది. ఆ మూలుగు వినబడితే అందరికీ ధైర్యం.

అంబులెన్స్ తలుపు వేసి వంతెన మీదుగా వెళ్ళిపోయాక, ఆమె ఫ్లెక్సీ దులిపి మడత పెట్టింది.

"మంచి గుడ్డ బాబూ. చుక్క దిగదు."

"ఇది ఎన్నోదక్కా?" అన్నాను.

ఆమె వెంటనే చెప్పింది, వేళ్ళు మడవకుండా. నేను నేర్చుకున్న పద్ధతిలో రాస్తున్నాను. వంతెన కట్టాక కొండ దిగిన డోలీలు: తొమ్మిది. గెడ్డ దగ్గర ఆగిపోయినవి: సున్నా. కొండ దారిలో ఆగిపోయినవి: రెండు.